డ్రై ఫైర్‌కు ఏ టైమర్ మేలు: ఫోనా, షాట్ టైమరా, ఎర్ర–పచ్చ లైట్ల పెట్టెనా?

హనుమకొండ నుంచి గచ్చిబౌలి రేంజ్‌కు పోనురాను 300 కిలోమీటర్ల పైనే. రోజూ పోయేది కాదు గనుక వరంగల్ పిస్టల్ షూటర్ సాధనలో పెద్ద వాటా ఇంట్లో చేసే డ్రై ఫైర్‌దే, అంటే తూటా, పెల్లెట్ లేకుండా గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కడానిదే. దానికి టైమర్ కొనాలా, చేతిలో ఉన్న ఫోన్ సరిపోతుందా అంటే, ముందు మీ ఈవెంట్ 10 మీటర్ల ఎయిర్ పిస్టలా, 25 మీటర్ల పిస్టలా చూసుకోవాలి. 10 మీటర్లకు పనికొచ్చేలా పెట్టిన టైమర్ 25 మీటర్లకు చెరుపు చేస్తుంది.

మొదలుపెట్టే ముందు ఛాంబర్ తెరిచి కళ్లతో చూడండి, వేలితో తడమండి. పెల్లెట్లు (ఎయిర్ పిస్టల్ గుళ్లు), తూటాలు వేరే గదిలో పెట్టి దర్వాజ వేయండి. గురి పెట్టేది గట్టి గోడకే, డాబా మీద మాత్రం వద్దు. పక్కింటివాళ్లకు అది ఆట అని తెలియదు, పోలీసులకు ఫోన్ పోతుంది. స్ప్రింగ్‌తో పనిచేసే చవక ఎయిర్ పిస్టల్‌ను పెల్లెట్ లేకుండా పేల్చకండి. ఎదురు గాలి ఒత్తిడి ఉండదు కాబట్టి పిస్టన్ నేరుగా సిలిండర్ కొసకు గుద్దుకుని సీల్ పోతుంది. మ్యాచ్ ఎయిర్ పిస్టళ్లలో దాదాపు అన్నింటికీ డ్రై ఫైర్ ఏర్పాటు ఉంటుంది. పాయింట్ 22 పిస్టల్ అయితే ఛాంబర్‌లో డమ్మీ (మందు లేని ఉత్తుత్తి తూటా) పెట్టుకోండి, లేకపోతే చాలా వాటిలో ఫైరింగ్ పిన్ ఛాంబర్ అంచును కొట్టి దెబ్బ తీస్తుంది.

ఎయిర్ పిస్టల్‌లో 60 షాట్లకు 75 నిమిషాలు. షాట్‌కు సగటున 75 సెకన్లు ఉన్నచోట వేగం సమస్యే కాదు. ఫ్రంట్ సైట్ (గొట్టం కొసన ఉండే గురి ముక్క) నిలకడగా ఉన్న ఆ కొద్ది సెకన్లలో ట్రిగ్గర్ పడదు, చెయ్యి దించబుద్ధి కాదు, పట్టుకుని పట్టుకుని చివరికి గుంజేస్తారు. అసలు జబ్బు అది. కాబట్టి ఇక్కడ టైమర్ చేయాల్సిన పని తొందరపెట్టడం కాదు, ‘ఇక దించు’ అని గుర్తుచేయడం. దానికి ఫోన్ చాలు. జిమ్ వాళ్లు వాడే ఇంటర్వల్ టైమర్ యాప్‌లో 12 సెకన్ల పని, 40 సెకన్ల విశ్రాంతి, 20 రౌండ్లు పెట్టండి, 17 నిమిషాల్లో అయిపోతుంది. బీప్ ఆపేసి వైబ్రేషన్ ఉంచి, ఖాళీ చెయ్యి పెట్టుకునే జేబులోనే ఫోన్ వేయండి. మొదటి కదలికకు చెయ్యి లేపాలి. రెండోది వచ్చేసరికి క్లిక్ పడకపోతే మారుమాట లేకుండా దించాలి. స్మార్ట్‌వాచ్ కూడా ఈ పని చేస్తుంది కానీ మ్యాచ్‌లో దాన్ని పెట్టుకోనివ్వరు. గోడ గడియారం మాత్రం పనికిరాదు, చూపును ఫ్రంట్ సైట్ మీద నుంచి లాగేస్తుంది.

25 మీటర్లకు వస్తే కథ వేరు. మహిళల పిస్టల్ రాపిడ్ స్టేజ్‌లో ఎర్ర లైటు 7 సెకన్లు, పచ్చ లైటు 3 సెకన్లు, అలా 5 సార్లు. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో వ్యక్తిగత వెండి పతకం గెలిచింది ఈ ఈవెంట్‌లోనే. పురుషుల రాపిడ్ ఫైర్‌లో 8, 6, 4 సెకన్లలో ఐదేసి షాట్లు, అక్కడా పచ్చ లైటుకు ముందు 7 సెకన్లే. అంటే పిలుపు కంటికి వస్తుంది, చెవికి కాదు. శబ్దానికి చెయ్యి వెలుతురుకన్నా సెకనులో కొన్ని వందల వంతులు ముందే కదులుతుంది. నెలల తరబడి బీప్‌కు అలవాటుపడ్డ చెయ్యి, లైన్ మీద పచ్చ లైటు చూసి తటపటాయిస్తుంది.

బీప్ కొట్టి, షాట్ పడ్డ సమయం లెక్కేసే షాట్ టైమర్‌తో ఇంట్లో వచ్చే చిక్కు ఇదే. దాని మొదటి బీప్ ఎప్పుడు మోగుతుందో తెలియకుండా పెడతారు. బీప్‌తో మొదలయ్యే ప్రాక్టికల్ షూటింగ్‌కు అది సరైనదే, 7 సెకన్లు లెక్కగా వచ్చే మన ఈవెంట్‌కు కాదు. పైగా అది మైకుతో షాట్ పట్టుకునే యంత్రం. డ్రై ఫైర్ క్లిక్ చిన్నది, ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్‌దైతే వినపడీ వినపడదు. సెన్సిటివిటీ పెంచితే కుక్కర్ విజిల్‌నూ, దర్వాజ చప్పుడునూ షాట్ కింద లెక్కేస్తుంది. చివరికి మిగిలేది పార్ టైమ్ బీప్ (పెట్టుకున్న గడువు అయిందని చెప్పేది) ఒక్కటే, దానికి అంత డబ్బు పోయడం దండగ.

రెండు లైట్ల పెట్టె ఇంట్లోనే చేసుకోవచ్చు: ఒక ఆర్డుయినో నానో (ప్రోగ్రామ్ చేసుకునే చిన్న సర్క్యూట్ బోర్డు), 5 మిల్లీమీటర్ల ఎర్ర, పచ్చ ఎల్‌ఈడీలు ఒక్కొక్కటి, 220 ఓమ్‌ల రెసిస్టర్లు రెండు, ఒక బటన్. పవర్ బ్యాంక్‌తో నడిపితే చాలాసార్లు మధ్యలో ఆగిపోతుంది. ఇంత తక్కువ కరెంటు లాగేసరికి ఏమీ తగిలించలేదనుకుని అదే ఆఫ్ అవుతుంది. పాత ఫోన్ ఛార్జర్ వాడండి, కరెంటు పోతే 9 వోల్టుల బ్యాటరీని బోర్డు మీది విన్ (VIN) పిన్‌కు ఇవ్వండి. ఎల్‌ఈడీ కళ్లలో గుచ్చుతుంటే బటర్ పేపర్ అంటించండి. చూపు ఫ్రంట్ సైట్ మీదే ఉండాలి, రంగు మారింది అని మసకగా తెలిస్తే చాలు.

సోల్డరింగ్ రాకపోతే ఆ ఇంటర్వల్ యాప్‌నే 7, 3 సెకన్లకు మార్చి, ఫోన్‌ను టార్గెట్ కింద నిలబెట్టండి. రెండు చోట్ల మోసం చేస్తుంది. చాలా యాప్‌లు పని మొదలయ్యే ముందు 3, 2, 1 అని బీప్‌లు కొడతాయి, వాటిని ఆపకపోతే చెయ్యి ముందే లేస్తుంది. కొన్నింటిలో పనికి ఎరుపు, విశ్రాంతికి పచ్చ ఉంటుంది, తిరగేసుకోవాలి. స్క్రీన్ లాక్ తీసేసి, కాల్స్ రాకుండా చేయండి.

టార్గెట్ 5 మీటర్ల దూరంలో, మధ్యబిందువు నేల నుంచి 140 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి. అసలు నలుపు 50 సెంటీమీటర్లు కాబట్టి ఇక్కడ 10 సెంటీమీటర్ల వృత్తం. చెయ్యి 45 డిగ్రీల కింద నుంచి లేపి 2.5 సెకన్లలోపు క్లిక్ పడాలి. చాలా పిస్టళ్లలో మొదటి క్లిక్ తర్వాత ట్రిగ్గర్ చచ్చిపోతుంది. అందుకని ఐదు షాట్ల సిరీస్‌ను పూర్తిగా సాధించలేరు. మొదటిదానికి మాత్రం ట్రిగ్గర్ క్లిక్ అయ్యేదాకా నొక్కి, మిగతా నాలుగు టార్గెట్లకు చేతి జరుపుడు, వేలి లయ మాత్రమే చూసుకోండి.

ఏ టైమరైనా మొదటి 10 క్లిక్‌లు దాన్ని ఆపేసే చేయండి, తర్వాత 20 దానితో, మళ్లీ 10 లేకుండా. క్లిక్ అయ్యాక ఒక సెకను పిస్టల్ దించకుండా ఫ్రంట్ సైట్ చూడండి. 25 మీటర్ల సాధనలో క్లిక్‌తో పాటు అది కిందికి దిగుతోందంటే పచ్చ లైటును 3 నుంచి 4 సెకన్లకు పెంచండి, నిలిచాకే తిరిగి తగ్గించండి.