పలమనేరు వైపు నాలుగు రోజులు: పొట్టి ఆవులు, ఫ్యాన్సీ కోళ్లు, మేం దిగిన చోట్లు

ఒంగోలు దగ్గర మాకు రెండున్నర ఎకరాల తోట ఉంది. అందులో రెండు పుంగనూరు జాతి పొట్టి ఆవులు, అందం కోసం పెంచే ఫ్యాన్సీ కోళ్లు ఓ పాతిక పెంచి, పిల్లలు చేయించాలని నాకూ మా ఆయనకూ రెండేళ్లుగా కోరిక. ఒంగోలు గిత్తల ఊళ్లో ఉండి పొట్టి ఆవు కోసం పోవడమేంటని చుట్టాలు అడిగారు. ఒంగోలు జాతంటే మాకూ ప్రాణమే. కానీ అంత పెద్ద పశువుకు సరిపడా మేత గానీ, పగ్గం పట్టే మనిషి గానీ మా దగ్గర లేరు. ఫోన్లో వీడియోలు చూసి అడ్వాన్స్ పంపేబదులు కళ్లారా చూసొద్దామని జనవరి చివర్లో బయల్దేరాం. మా అత్తయ్యను కూడా తీసుకెళ్లాం. చిన్నప్పటి నుంచి పాడి చేసిన మనిషి. ఆమె రాకపోయుంటే మొదటి రోజే లక్షన్నర పోగొట్టుకునేవాళ్లం.

రేణిగుంట దాకా రైలు. అక్కణ్ణుంచి కారు మాట్లాడుకుని చిత్తూరు, బంగారుపాళెం, మొగిలి ఘాట్ మీదుగా పలమనేరు చేరాం. డ్రైవర్ నెమ్మదస్తుడు, దారిలో పశువుల మందలు అడ్డొస్తే హారన్ కూడా కొట్టలేదు.

మొదటి రాత్రి ఒక ఫామ్ స్టేలో దిగాం. గదికి రోజుకు 4,500. గది శుభ్రంగా ఉంది, వేడినీళ్లు వచ్చాయి, భోజనం ఫర్వాలేదు. పొద్దున్నే పిల్లలు పొట్టి దూడల్ని ఒళ్లో పెట్టుకుని ఫొటోలు దిగుతున్నారు. సెలవులకు పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లకు ఆ చోటు నచ్చుతుంది. మేం వెళ్లింది మాత్రం పశువును కొనడానికి.

అక్కడ మూడు నెలల పెయ్య దూడను చూపించారు. నిజంగా కుక్కపిల్లంత ఉంది. ఇది ఇంతకన్నా పెద్దగా పెరగదు, అందుకే ఈ రేటు అన్నారు. అత్తయ్య దాని పక్కన గొంతుకూర్చుంది. చెయ్యి వీపు మీద పెట్టి తోక దాకా నిమిరింది. వెంట్రుకలు బిరుసుగా లేచి ఉన్నాయి. పక్కటెముకలు వేళ్లకు తగులుతున్నాయి, పొట్ట మాత్రం బానలా వేలాడుతోంది. కింది కనురెప్పను బొటనవేలితో కిందికి లాగి చూపించింది: లోపల ఎర్రగా ఉండాల్సింది తెల్లగా పాలిపోయి ఉంది. "దీని తల్లి ఏదమ్మా?" అని అడిగింది. వేరే షెడ్డులో ఉందన్నారు, తర్వాత అమ్మేశామన్నారు. అత్తయ్య లేచి నాతో నెమ్మదిగా అంది: "ఇది పొట్టి జాతి కాదే తల్లీ, పాలు సరిగా పట్టక, కడుపులో పురుగులు పెరిగి గిడసబారిన దూడ."

ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. దూడకు పుట్టిన గంటలోపు జున్నుపాలు అందాలి. తొలి వారాల్లో రోజుకు దాని బరువులో పదో వంతు పాలు పట్టాలి. రెండు వారాలకే నులిపురుగుల మందు మొదలుపెట్టాలి. ఎత్తు తగ్గేకొద్దీ రేటు పెరుగుతోంది గనక ఈ మూడూ ఎగ్గొట్టి దూడను చిన్నగా ఉంచితే దాన్ని కొనేవాళ్లూ దొరుకుతున్నారు. 2024 సంక్రాంతికి ప్రధాని తన ఇంట్లో పుంగనూరు ఆవులకు మేత పెట్టిన వీడియో వచ్చాక అడిగేవాళ్లు బాగా పెరిగారని తర్వాత కలిసిన రైతులందరూ చెప్పారు. జాతికి పేరొచ్చినందుకు సంతోషమే. కానీ ఆ పేరు దూడల కడుపు మాడ్చకూడదు.

రెండో రోజు పలమనేరు పశు పరిశోధన స్థానం. తిరుపతి శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద నడుస్తుంది. మేం ముందే ఉత్తరం రాసి అనుమతి తీసుకున్నాం, మీరూ అలాగే చేయండి. ఇక్కడ బస ఉండదు, పలకరించి కాఫీ ఇచ్చేవాళ్లూ ఉండరు, ఫొటోల కోసం అలంకరణలూ ఉండవు. అయినా ఈ నాలుగు రోజుల్లో నేను ఎక్కువ నేర్చుకున్నది ఇక్కడి రెండు గంటల్లోనే. మందను ఒకేచోట చూస్తే జాతి లక్షణం కంటికి పడుతుంది. వెడల్పు నుదురు, నెలవంకలా చిన్న కొమ్ములు, దాదాపు నేలను తాకే తోక, ముందు నుంచి వెనక్కి కాస్త వాలిన వీపు. తెలుపు, బూడిద, లేత గోధుమ, ముదురు గోధుమ రంగులున్నాయి. పెద్దావు ఎత్తు 70 నుంచి 90 సెంటీమీటర్లు, బరువు 115 నుంచి 200 కిలోలు. కాళ్లు పొట్టివే గానీ ఒళ్లు నిండుగా, బొచ్చు నున్నగా మెరుస్తూ ఉంటుంది. నిన్నటి దూడకూ వీటికీ తేడా నాలాంటిదానికి కూడా అర్థమైంది.

పాల సంగతీ అడిగాం. మామూలు ఆవుపాలలో వెన్న 3 నుంచి 4 శాతం ఉంటే పుంగనూరు పాలలో 8 శాతం దాకా చెబుతారు. పూటకు చెంబెడు పాలొచ్చినా ఇంటికి చాలు. పాల వ్యాపారం ఆశతో వెళ్లేవాళ్లు మాత్రం వేరే జాతి చూసుకోవడం మంచిది.

మాకు తెలియని ఒక ముఖ్యమైన విషయం అక్కడే తెలిసింది. పొట్టి ఆవు ఎదకొచ్చినప్పుడు దగ్గర్లో దొరికింది కదా అని పెద్ద జాతైన జెర్సీ ఆబోతు వీర్యం సూది వేయిస్తే దూడ పెద్దదై ఈత కష్టమవుతుంది, తల్లి ప్రాణం మీదకొస్తుంది. అలాగని ఒకే ఆబోతును దాని కూతుళ్లకే మళ్లీ దాటిస్తే తరాలు గడిచేకొద్దీ మంద బలహీనపడుతుంది. రెండు ఆవులున్న ఇంటివాళ్లు ఆబోతును కొనకుండా, ఆ జాతి వీర్యం ఎక్కడ దొరుకుతుందో ముందు కనుక్కోవాలి. కేరళ వెచ్చూరు ఆవు దాదాపు అంతరించాక 1989లో ప్రొఫెసర్ శోశమ్మ ఐప్, ఆమె విద్యార్థులు ఊరూరా తిరిగి మిగిలినవాటిని పోగుచేసి నిలబెట్టారు. ఆ సంగతి నాకు ఎప్పట్నుంచో తెలుసు. ఏ దూడ ఏ తల్లిదో రాసిపెట్టే రిజిస్టరు లేకుండా అలాంటి పని జరగదని ఆ రోజే బుర్రకెక్కింది.

మూడో రోజు పుంగనూరు దాటాక ఒక రైతు కుటుంబం ఇంట్లో బస. రెండు గదులు, స్నానానికి బయట కట్టెల పొయ్యి మీద నీళ్లు, మనిషికి 900తో మూడు పూటలా భోజనం. సంగటి, ఊరిబిండి, పుల్లగూర. మంచాలు గట్టివే గానీ దోమతెర ఒకటే ఇచ్చారు, మీరు తెచ్చుకోండి. ఆరు ఆవులు, అన్నిటికీ చెవికి పశువును గుర్తించే పన్నెండు అంకెల పసుపు ట్యాగు. ఇంటావిడ నల్ల అట్ట పుస్తకం తెచ్చి అత్తయ్య చేతిలో పెట్టింది: "చూడు పెద్దమ్మా, ఏది ఎప్పుడు ఎదకొచ్చిందో, ఎప్పుడు ఈనిందో అంతా దీంట్లో ఉండాది." అడక్కుండానే పెయ్యనూ దాని తల్లినీ పక్కపక్కన నిలబెట్టారు. మూపురం వెనక టేపు పెట్టి కొలిచాం. తల్లి 86 సెంటీమీటర్లు. ఇంకా పొట్టివి కావాలా అని అడిగారు. అక్కర్లేదన్నాం. ఏడాదిన్నర పెయ్యకు అక్కడే బయానా ఇచ్చాం.

కోళ్ల కోసం మదనపల్లె చుట్టుపక్కల రెండు చోట్లకు వెళ్లాం. మొదటిది పెద్ద షాపు లాంటిది. బ్రహ్మ, కొచ్చిన్, పోలిష్, సిల్కీ జాతుల కోళ్లన్నీ వరసగా పంజరాల్లో. ఒక పోలిష్ పెట్టకు తలమీది కుచ్చు కళ్లమీద పడి గింజ కూడా కనపడటం లేదు, కత్తిరించమని చెప్పొచ్చాం. బ్రహ్మ కాళ్ల ఈకలు రెట్టలో తడిసి ముద్దలు కట్టాయి. టీకాలు వేశారా అంటే వేశాం అన్నారు, ఏది ఎప్పుడు అంటే జవాబు లేదు. ఏమీ కొనకుండా బయటికొచ్చేశాం.

రెండోది ఒక స్కూలు మాస్టారి ఇంటి పెరడు. నలభై కోళ్లే. మెరెక్స్ అనే వైరస్ జబ్బుకు టీకా పిల్ల పుట్టిన రోజే వేయిస్తారట, ఎందుకంటే సిల్కీలకు ఆ జబ్బు త్వరగా తగులుతుంది. కొక్కెర తెగులు టీకాల తేదీలు గోడ మీద సుద్దతో రాసి ఉన్నాయి. సిల్కీని నా చేతిలో పెట్టారు. ఈకల నూలుపోగులు ఒకదానికొకటి పట్టుకుని ఉండవు గనక దూదిలా ఉంది, ఊది చూస్తే కింద నల్లని చర్మం. కాలికి ఐదు వేళ్లు. ఆ ఈక వాననీటిని ఆపదు, తడిస్తే పిల్ల వణికి చస్తుంది, పైకప్పు తప్పనిసరి అన్నారు.

ఉంగరాల ఈకల ఫ్రిజిల్ జత అడిగాను. జత ఇవ్వనన్నారాయన. ఫ్రిజిల్ పుంజును ఫ్రిజిల్ పెట్టకు వేస్తే నాలుగో వంతు పిల్లలకు ఈకలు పెళుసై విరిగిపోయి, ఒళ్లు బయటపడుతుందట. ఒకవైపు ఫ్రిజిల్, ఇంకోవైపు మామూలు ఈకల కోడి ఉండాలి. పొట్టి కాళ్ల జపనీస్ బాంటంలదీ ఇదే కథ. రెండూ పొట్టి కాళ్లవైతే నాలుగో వంతు గుడ్లలో పిల్ల లోపలే చచ్చిపోతుంది. డబ్బులు వద్దనుకుని ఇంత వివరంగా చెప్పిన మనిషిని నేనింకెక్కడా చూడలేదు. ఎండ సంగతి అడిగితే మా ఒంగోలు వేసవికి బ్రహ్మ, కొచ్చిన్ వద్దని ఖచ్చితంగా చెప్పారు.

ఆయన దగ్గర పన్నెండు సిల్కీ గుడ్లు తీసుకున్నాం. హార్స్‌లీ హిల్స్‌లో ఒక రాత్రి గడిపాం. చలి బాగుంది, కోతులు బాగా ఎక్కువ, అంతకుమించి చెప్పడానికేం లేదు. గుడ్ల ట్రేని రేణిగుంట దాకా అత్తయ్య ఒళ్లోంచి దించలేదు. ఇంటికొచ్చాక మొన కిందికి పెట్టి ఒక రోజంతా కదపకుండా ఉంచి, మా నాటు పెట్ట కింద పొదగేశాం. ఏడో రాత్రి టార్చి పెట్టి చూస్తే తొమ్మిదింటిలో పిల్ల పెరుగుతున్నట్టు రక్తనాళాలు కనిపించాయి. ఇరవై ఒకటో రోజు తెల్లారేసరికి ఏడు పిల్లలు. పెయ్య వారం తర్వాత పశువుల డాక్టరు ఇచ్చిన ఆరోగ్య ధ్రువపత్రంతో, కింద గడ్డి పరిచిన చిన్న ట్రక్కులో వచ్చింది. దిగగానే నీళ్లు తాగి, అత్తయ్య చెయ్యి నాకింది. ఆమె ఇప్పుడు నల్ల అట్ట పుస్తకం ఒకటి కొనుక్కుని మొదటి పేజీలో దాని తల్లి ట్యాగు నంబరు రాసుకుంది.