అన్నీ ఒకేసారా, ముందు మూడేనా? కంప్యూటర్ ప్లాన్‌కి ఏది మేలు

పలాస నుంచి విజయనగరం దాకా ఎవరు కలిసినా ఈ మధ్య అడిగేది ఒకటే. "ఆఫీసంతా ఒకేపాలి కంప్యూటర్‌లోకి ఎక్కించేద్దుమా, ముందు ఒకటేదో చూసుకుందుమా?" జీడి ఫ్యాక్టరీల వాళ్లు, రైసు మిల్లుల వాళ్లు, ఇప్పుడు ఆస్పత్రుల వాళ్లూ అడుగుతున్నారు. ఏ సాఫ్ట్‌వేర్ కొనాలన్నది తర్వాతి మాట, ప్లాన్ ఎలా వేసుకోవాలన్నదే ముందు తేలాలి.

ఎంబీఏ చదివినవాళ్లకు రెండు దారుల పేర్లూ తెలుసు. ఒకటి బీఎస్పీ, అంటే బిజినెస్ సిస్టమ్స్ ప్లానింగ్. పార్టీ కాదు, 1970లలో ఐబీఎం తన కస్టమర్లకు అందించిన పద్ధతి. సంస్థలో జరిగే పనులన్నీ ఒక పక్క, వాటికి కావలసిన సమాచారం ఇంకో పక్క రాసుకుని, గళ్ల పట్టికలో ఏది ఎక్కడ పుడుతుందో, ఎవరు వాడతారో నింపుతారు. రెండోది సీఎస్ఎఫ్, అంటే క్రిటికల్ సక్సెస్ ఫ్యాక్టర్స్. ఎంఐటీకి చెందిన జాన్ రాకార్ట్ 1979లో దీన్ని ముందుకు తెచ్చాడు. ఏవి సరిగ్గా జరిగితేనే వ్యాపారం నిలబడుతుందో పైవాళ్లనే అడిగి, నాలుగైదు తేల్చుకుని, ముందు ఆ లెక్కలకే ఏర్పాటు చేసుకోవడం.

నా మొగ్గు సీఎస్ఎఫ్‌కే. విజయనగరంలో ఒక సంస్థకి బీఎస్పీ తరహాలో ఆరు నెలలు కూర్చుని పట్టికలు గీశాను. ఫైలు లావైంది, బీరువాలోకి వెళ్లింది. మళ్లీ ఎవరూ తియ్యలేదు. తప్పు నాదీ ఉంది, గళ్లు నింపడంలో పడి ఏది ముందో చెప్పలేదు.

పోయిన సీజన్‌లో కాశీబుగ్గ దగ్గర ఒక జీడి ఫ్యాక్టరీలో ఆ పొరపాటు చెయ్యలేదు. యజమాని పెద్దాయన. "పొద్దున్న రాగానే మొదట ఏం అడుగుతారండీ?" అన్నాను. జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. "నిన్న బస్తాకి పప్పెంత దిగిందని అడుగుతాను బాబూ." తర్వాతివి, గుండు (విరగని పప్పు) ఎంత బద్ద ఎంత, ఎవరి బాకీ ఎన్నాళ్లుగా ఉంది. అంతే, మూడు. 80 కిలోల పిక్కల బస్తాకి అర కిలో పప్పు తగ్గినా, రోజుకి వంద బస్తాలు ఆడేచోట 50 కిలోలు పోయినట్టే. ఆ పుస్తకంలో అమ్మకాల లెక్క ఒక్క పేజీ కూడా లేదు, అది టాలీ అనే ఖాతాల సాఫ్ట్‌వేర్‌లో ఎలాగూ ఉంది.

నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ఇదే: ప్లాన్‌ని రోజూ ఎవరు తెరిచి చూస్తారు? తన ప్రశ్నకి జవాబు దొరికితేనే యజమాని చూస్తాడు. ఆయన చూస్తేనే కింద గుమస్తా సరిగ్గా రాస్తాడు.

సీఎస్ఎఫ్‌కి లోపం లేదని కాదు. మార్చిలో అడిగితే పిక్కల ధర అంటారు, దీపావళి ముందు అడిగితే వసూళ్లు అంటారు. అందుకే రెండు సీజన్లలో రెండుసార్లు అడగాలి. ఇంకోటి, ఏ సమాచారం కావాలో అది చెబుతుంది గానీ ఆ సమాచారం దారిలో ఎక్కడ తెగిందో చెప్పదు. అక్కడ బీఎస్పీ నుంచి ఒక్క పట్టిక అరువు తెచ్చుకున్నాను. ఒక్కో విడత పిక్కలకి ఇచ్చే లాట్ నంబరు గోదాములో పుడుతోంది. బాయిలింగ్, కటింగ్, పీలింగ్, గ్రేడింగ్ నలుగురికీ కావాలి. కానీ బాయిలింగ్ దాటాక నంబరు లేదు. డ్రయ్యర్‌లో రెండు లాట్లు కలిసిపోతున్నాయి. ఏ పిక్కకి ఎంత పప్పు దిగిందో చెప్పడం ఇక ఏ సాఫ్ట్‌వేర్ తరమూ కాదు.

ఒకే యజమాని కాకుండా విభాగానికో పెద్ద ఉన్నచోట మాత్రం బీఎస్పీయే నయం. ఆస్పత్రిలో ఒకే రోగి పేరు ఓపీలో ఒకలా, ల్యాబులో ఒకలా, మందుల కౌంటర్లో ఇంకోలా పడుతుంది. పేరు మొదట రాయాల్సింది ఎవరో తేల్చాలంటే అందరినీ కూర్చోబెట్టి గళ్లు నింపాల్సిందే.

నోలన్ దశలు, పోర్టర్ వాల్యూ చైన్ అని కూడా అడుగుతారు. మొదటిది కంప్యూటర్ వాడకంలో మనం ఏ మెట్టు మీద ఉన్నామో చెబుతుంది, ఏ పని దగ్గర విలువ పెరుగుతుందో చూపే రెండోది పరీక్షలో బాగా పనికొస్తుంది. పక్క ఫ్యాక్టరీ వాడు కొన్నదే కొనడం ఇంకో పద్ధతి, దాని గురించి రాయను.

కాశీబుగ్గలో ఇంకా సాఫ్ట్‌వేర్ కొనలేదు. ట్రేకి ట్రేకి రంగు చీటీ కడుతున్నారు, లాట్‌కి ఒక రంగు. సాయంత్రం గుమస్తా చీటీలు ఏరుకొచ్చి ఎక్సెల్‌లో ఎక్కిస్తాడు. పెద్దాయన జేబులో పుస్తకం మాత్రం అలాగే ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుంటున్నాడు.