జాగ్రత్త: రొయ్యల చెరువుల ఎన్‌పీవీ ప్యాకేజీకి డబ్బు కట్టేముందు ఇది చదవండి

భీమవరం, ఆకివీడు, పాలకొల్లు వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఒక ప్యాకేజీ తిరుగుతోంది. రొయ్యల చెరువుకి బ్యాంకు లోను కోసం ప్రాజెక్ట్ రిపోర్ట్ తయారుచేసే ఎక్సెల్ షీటు, దానికి జతగా పైథాన్ కోడు. అంకెలు నింపితే చాలు, నికర వర్తమాన విలువ (ఎన్‌పీవీ, అంటే రాబోయే ఏళ్ళ సొమ్ముని ఇవాళ్టి విలువకి తగ్గించి, పెట్టుబడి తీసేస్తే మిగిలేది), ఐఆర్ఆర్ (ఎన్‌పీవీ సున్నా అయ్యే రేటు), రిస్కు శాతాలు అన్నీ పచ్చరంగులో వచ్చేస్తాయట. అమ్మేవాళ్ళ పేరు ఇక్కడ రాయడం లేదు. రేపు ఇంకో పేరుతో ఇంకొకరు అమ్ముతారు, తప్పులు మాత్రం ఇవే ఉంటాయి. డబ్బు పంపాక వచ్చే షీటుకి పాస్‌వర్డ్ ఉంటుంది, ఫార్ములాలు కనపడవు, వాపసు లేదు. అడిగితే మోడల్ రహస్యం అంటున్నారు. ఎన్‌పీవీలో కూడికలు, భాగాహారాలు తప్ప రహస్యం ఏముంటుందండీ?

ఆ షీటు ఎక్కడ తప్పుతుందో ఒక లెక్క మీదే చూపిస్తాం. కాగితం మీద మీరూ వేసుకోవచ్చు.

నాలుగెకరాల చెరువు అనుకోండి. గట్లు, ఏరేటర్లు, మోటార్లు, కరెంటు లైను కలిపి ఇవాళ పెట్టేది 21 లక్షలు. మేత, సీడు, కరెంటు, కూలీ పోను ఏడాది చివర మిగిలేది వరసగా 6 లక్షలు, 7 లక్షలు, సున్నా, 8 లక్షలు, 8 లక్షలు. మూడో ఏడు వైట్ స్పాట్ (రొయ్యల వైరస్ జబ్బు) తగిలి రాబడి ఖర్చులకే సరిపోయింది, అందుకే సున్నా. రేపటి సొమ్ముని ఇవాళ్టి విలువకి తగ్గించే రేటు 12 శాతం. మొదటి ఏడాది సొమ్ముని 1.12తో ఒకసారి భాగించాలి, రెండో ఏడాదిది రెండుసార్లు, అలా అయిదో ఏడాది దాకా. వచ్చేవి 5.357, 5.580, 0, 5.084, 4.539. మొత్తం 20.561 లక్షలు. 21 తీసేస్తే 43,894 రూపాయలు మైనస్. అంటే 12 శాతం దగ్గర ఈ చెరువు గిట్టదు.

ఇవే అంకెలు ఆ షీటులో వేస్తే 71,589 ప్లస్ చూపిస్తుంది. పైథాన్ కోడులో వేస్తే ఏకంగా 2,02,839 ప్లస్. చెరువు ఒకటే, అంకెలు ఒకటే, జవాబులు మూడు.

ముందు షీటు సంగతి. ఆ షీటు వాడే విధానం పత్రంలో, పంట లేని ఏడాది గడిని ఖాళీగా వదిలేయమని ఉంది. కొంప ముంచేది ఆ ఒక్క వాక్యమే. ఎక్సెల్‌లో ఎన్‌పీవీ ఫంక్షన్ ఖాళీ గడిని సున్నాగా తీసుకోదు, అసలు గడే లేనట్టు దాటేస్తుంది. దాంతో నాలుగో ఏడాది 8 లక్షలు మూడో ఏడాదికి, అయిదో ఏడాదివి నాలుగో ఏడాదికి జరిగిపోతాయి. డబ్బు ఏడాది ముందే చేతికొచ్చినట్టు లెక్క. గడిలో అక్షరాలున్నా ఇదే గతి. "8 లక్షలు" అని మాటల్లో రాసినా, వేరే ఫైలు నుంచి తెచ్చి అతికించిన అంకె అక్షరంగా మిగిలిపోయినా ఆ ఏడాది మాయమే. గడి అమరిక మార్చకుండా ఉంటే అసలు అంకె కుడివైపు ఆనుకుంటుంది, అక్షరంగా మారింది ఎడమవైపు ఆనుకుంటుంది. కంటితోనే పట్టుకోవచ్చు. పంట పోయిన ఏడాదికి తప్పకుండా 0 అని కొట్టండి.

ఇక పైథాన్ కోడు. ఎక్సెల్ ఎన్‌పీవీ తనకిచ్చిన మొదటి అంకెని ఏడాది చివర వచ్చినట్టు తీసుకుంటుంది. అందుకే పెట్టుబడిని ఫంక్షన్ లోపల పెట్టకూడదు, బయట విడిగా తీసెయ్యాలి. పైథాన్‌లో వాడే నంపై ఫైనాన్షియల్ అనే ప్యాకేజీలోని ఎన్‌పీవీ మాత్రం మొదటి అంకెని ఇవాళ్టిదిగా తీసుకుంటుంది. అక్కడ పెట్టుబడిని వరసలో మొదటి అంకెగా లోపలే పెట్టాలి. పేరు ఒకటే, తీరు వేరు. ఈ కోడు రాసినవాళ్ళు ఎక్సెల్ ఫార్ములాని ఉన్నదున్నట్టు పైథాన్‌లోకి దించేశారు, పెట్టుబడి బయట, రాబడి అయిదేళ్ళూ లోపల. మొదటి ఏడాది 6 లక్షలకి తగ్గింపే పడలేదు, మిగతావాటికి ఒక్కో ఏడాది తక్కువ పడింది. మొత్తం రాబడి 1.12 రెట్లు ఉబ్బి 23.028 లక్షలైంది. రాబడి ఎంత పెద్దదైతే ఈ ఉబ్బు అంత పెరుగుతుంది కాబట్టి పెద్ద చెరువులవాళ్ళు ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి.

దీనికి తిరగేసిన తప్పు కూడా ఉంది. ఎక్సెల్‌లో పెట్టుబడిని కూడా లోపలే పెట్టేస్తే మన చెరువు 43,894 మైనస్ బదులు 39,191 మైనస్ చూపిస్తుంది. గుర్తు మారదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. అన్నిటిలోకీ తక్కువ హాని చేసే తప్పు ఇదే.

ఇంకో గొడవ. కోడు నంపై (పైథాన్‌లో అంకెల లెక్కలకి వాడే లైబ్రరీ) లోంచే నేరుగా ఎన్‌పీవీని పిలుస్తుంది. 2021 జనవరిలో వచ్చిన నంపై 1.20 నుంచి ఆ ఫంక్షన్లు అందులో లేవు, నంపై ఫైనాన్షియల్ అనే విడి ప్యాకేజీలోకి వెళ్ళిపోయాయి. కొత్త కంప్యూటర్లో కోడు నడపగానే ఎర్ర ఎర్రర్ వస్తుంది. అప్పుడు అప్‌డేట్ ఛార్జీ అని మళ్ళీ అడుగుతున్నారు. కట్టకండి. ఆ విడి ప్యాకేజీ ఉచితం, పిప్ (పైథాన్ ప్యాకేజీలు దించుకునే పనిముట్టు)తో ఒక్క ఆదేశం చాలు. అసలు అదీ అక్కర్లేదు. ఏడాది సంఖ్యని సున్నా నుంచి లెక్కపెడుతూ, ఒక్కో అంకెనీ 1.12 ఘాతం ఏడాదితో భాగించి కూడే లూప్ నాలుగు వరసల్లో అయిపోతుంది.

లీజు చెరువులవాళ్ళకి వేరే దెబ్బ ఉంది. ఆ షీటు లీజుని మిగతా ఖర్చులతో కలిపి ఏడాది చివర వేస్తుంది. మీ ఒప్పందంలో లీజు ఏడాది మొదట్లోనే కట్టాలని ఉంటే ఆ సొమ్ము సున్నా (అంటే ఇవాళ) నుంచి నాలుగో ఏడాది దాకా పడాలి, ఒకటి నుంచి అయిదు దాకా కాదు. 12 శాతం దగ్గర అయిదేళ్ళ లీజులో ఏడాదికి ప్రతి లక్షకీ 43,257 రూపాయల తేడా వస్తుంది. పైన మన చెరువు లోటు ఎంతో గుర్తుందిగా, దాదాపు అంతే.

లోను వడ్డీని ఖర్చులో తీసేసి, మళ్ళీ అదే వడ్డీ కలిసున్న 12 శాతంతో తగ్గించడం ఇంకో పొరపాటు. వడ్డీ రెండుసార్లు పడుతుంది. ఇది మన చెరువుని ఉన్నదానికంటే అన్యాయంగా చూపిస్తుంది. తరుగుదలని నగదు ఖర్చుగా తీసెయ్యడమూ అంతే. ఈ రెండు తప్పులూ పై తప్పుల్ని కొంత కప్పేస్తాయి, అందుకే చివరి అంకె చూడ్డానికి నమ్మేలా ఉంటుంది.

నెలవారీ పేజీలో 12ని 12తో భాగించి నెలకి 1 శాతం పెట్టారు. అలా చేస్తే ఏడాదికి 12.68 శాతం అవుతుంది. మీ 12 శాతం ఏడాది మొత్తానికి చెప్పిన రేటైతే నెలకి 0.949, ఆరునెలలకో పంట చొప్పున వేస్తే పంటకి 5.83. బ్యాంకు నెలనెలా వేసే వడ్డీ రేటే తీసుకుంటే 1 శాతమే సరి. ఏదో ఒకటి ఎంచుకోండి. షీటులో ఒక పేజీ ఒకలా, ఇంకో పేజీ ఇంకోలా ఉంది.

ఇప్పుడు రిస్కు పేజీ. అందరూ మురిసిపోయేది ఇక్కడే, తప్పులు ఎక్కువున్నదీ ఇక్కడే. ఆరు పంటల దిగుబడి ఎకరానికి టన్నుల్లో 2.4, 1.8, 2.6, 0.4, 2.2, 2.0 అనుకోండి. సగటు 1.9. మధ్యగతం (అంకెల్ని వరసలో పెడితే నడుమ వచ్చేది) 2.1. ఒక్క పాడైన పంట సగటుని ఎంత కిందికి లాగిందో ఈ రెండూ పక్కపక్కన పెడితేనే తెలుస్తుంది, షీటులో మధ్యగతం లేదు. ప్రామాణిక విచలనం (దిగుబడి సగటు నుంచి ఎంత అటూ ఇటూ ఊగుతుందో చెప్పే అంకె) కోడులో 0.719 వస్తుంది, షీటులో 0.787. రెండూ తప్పు కాదు. నంపై మామూలుగా మొత్తం సంఖ్యతో, అంటే 6తో భాగిస్తుంది. పాండాస్ అనే ఇంకో పైథాన్ లైబ్రరీ, ఎక్సెల్‌లోని ఎస్‌టీడీఈవీ డాట్ ఎస్ ఒకటి తగ్గించి 5తో భాగిస్తాయి. ఆరు పంటలు చూసి రాబోయే పంటల గురించి చెప్పాలంటే 5తో భాగించిందే కావాలి. నంపైలో డీడీఓఎఫ్ అనే ఎంపికకి 1 ఇవ్వాలి. ఇవ్వకపోతే రిస్కు తొమ్మిది శాతం తక్కువగా కనపడుతుంది. పరీక్ష చిటికెలో పని: 1, 2, 3 వేయండి. జవాబు 1 వస్తే సరి, 0.816 వస్తే పాతిక పంటలకంటే తక్కువ ఉన్నవాళ్ళు వాడొద్దు.

"పదిలో ఒక పంట ఇంతకంటే తక్కువ" అనే అంకె ఇంకా విచిత్రం. పై ఆరు పంటలకి నంపై పదో శతాంశం 1.1 టన్నులు. కోడులో వాడినది పైథాన్ స్టాటిస్టిక్స్‌లోని క్వాంటైల్స్, పద్ధతి చెప్పకుండా. అది ఉన్న అంకెల అవతలికి గీత పొడిగిస్తుంది, జవాబు 0.02 టన్నులు మైనస్. మైనస్ రొయ్యలు! ఆ మైనస్‌ని కోడు నోరుమూసుకుని సున్నా చేసి చూపిస్తుంది. ఆరు అంకెలతో పదో శతాంశం చెప్పబోవడమే సాహసం అనుకోండి, కనీసం ఇన్‌క్లూజివ్ పద్ధతి అడిగితే 1.1 వస్తుంది.

మాంటీ కార్లో (దిగుబడి, ధరల్ని యాదృచ్ఛికంగా మారుస్తూ లెక్కని మళ్ళీ మళ్ళీ వేయడం) పేరుతో కోడు వంద ట్రయల్స్ వేస్తుంది. సగటు ఎన్‌పీవీలో ఉండే ఊగిసలాట అంటే ట్రయల్స్ విచలనాన్ని ట్రయల్స్ సంఖ్య వర్గమూలంతో భాగించినది. విచలనం 8 లక్షలైతే వంద ట్రయల్స్‌కి ఊగిసలాట 80,000. మైనస్ 43,894 లాంటి జవాబు నిజంగా మైనస్సో ప్లస్సో చెప్పడానికి వంద ట్రయల్స్ చాలవు. పదివేల ట్రయల్స్ వేస్తే 8,000కి దిగుతుంది. సీడు సంఖ్య కూడా బిగించేసి ఉంది (హ్యాచరీ సీడు కాదు, యాదృచ్ఛిక సంఖ్యలది). అది మార్చి అయిదుసార్లు నడిపి గుర్తు మారుతుందేమో చూడండి. ఇంకా, దిగుబడీ ధరా దేనికది విడిగా తీస్తున్నారు. జబ్బు తగిలి తొందరపడి పట్టుబడి చేస్తే రొయ్య చిన్నది, కౌంటు (కిలోకి తూగే రొయ్యల సంఖ్య) ఎక్కువ, కిలో ధర తక్కువ. దిగుబడీ ధరా కలిసే పడతాయి. విడిగా తీస్తే చెడ్డ ఏడాది ఎంత చెడ్డదో ఎప్పటికీ కనపడదు.

ఇప్పటికే కొనేసినవాళ్ళు పాస్‌వర్డ్ కోసం బతిమాలక్కర్లేదు. తాళం వేసిన షీటుని ఇలా పరీక్షించండి. రేటు 12, అన్ని గడుల్లో 0 పెట్టి, మూడో ఏడాది రాబడిలో మాత్రం 1,00,000 వేయండి. ఎన్‌పీవీ 71,178 రావాలి. 79,719 వస్తే లెక్క ఒక ఏడాది ముందుకి జరిగింది, 63,552 వస్తే వెనక్కి. తర్వాత పెట్టుబడిలో మాత్రం లక్ష వేయండి, లక్ష మైనస్ రావాలి. 89,286 మైనస్ వస్తే పెట్టుబడి లోపల పడింది. చివరిగా పెట్టుబడిని సున్నా చేసి, మూడో ఏడాదికి మళ్ళీ లక్ష వేసి, రెండో ఏడాది గడిలోని సున్నాని చెరిపేయండి. 71,178 కదిలి 79,719 అయితే ఖాళీ గడి తప్పు ఉన్నట్టే. ఆ రెండు స్క్రీన్‌షాట్లూ పక్కపక్కన పెట్టి అమ్మినవాళ్ళకి పంపి డబ్బు వెనక్కి అడగండి. సున్నా చెరిపితే లాభం పెరిగే షీటుకి వాళ్ళ దగ్గర జవాబు ఉండదు.