విశాఖ ద్వారకానగర్ వీసా కన్సల్టెన్సీలో ‘ఎంట్రీ ట్రైనింగ్’: ఫారం నింపించుకోండి, క్లాసు మాత్రం వద్దు

అమెరికా ఇమ్మిగ్రేషన్ కౌంటర్‌లో అడిగే ప్రశ్నలకి తయారు చేస్తామని వీసా ఆఫీసు వాళ్లు చెప్పే క్లాసు ఇది. ఐదుకి రెండు స్టార్లు. ఆ రెండూ అక్కడ పనిచేసే ఒక అమ్మాయికి, ఆమె సంగతి కింద రాస్తాను. ఆఫీసు పేరు రాయడం లేదు. ద్వారకానగర్‌లో ఇలాంటి ఆఫీసులు వీధికి రెండు మూడున్నాయి, మిగతా చోట్ల కూడా ఇదే పద్ధతని అమ్మానాన్నల్ని పంపిన స్నేహితులు చెబుతున్నారు, అందుకని ఒక్కళ్ల పేరు బయటపెట్టి లాభం లేదు. మీరు ఎక్కడికి వెళ్లినా కింద రాసింది గుర్తుంటే చాలు.

మా చెల్లి షికాగో దగ్గర ఉంటుంది. డెలివరీ టైమ్‌కి అమ్మానాన్నలు పక్కన ఉంటే బాగుంటుందని విజిటర్ వీసాకి పెట్టాం. నాన్నగారు స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైరయ్యారు, అమ్మ తిరుపతి, కాశీ తప్ప దూరం వెళ్లలేదు. డీఎస్-160 అనే వీసా దరఖాస్తు ఫారం నింపడం, ఫీజు కట్టడం, ఇంటర్వ్యూ స్లాట్ చూడటం, హైదరాబాద్‌లో నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌కి ఏం పట్టుకెళ్లాలో చెప్పడం, ఇదంతా వాళ్లు శుభ్రంగా చేశారు, ఒక్క తప్పు లేదు. పదేళ్ల బీ1/బీ2 విజిటర్ వీసా వచ్చింది. ఇంట్లో అందరం స్వీట్లు తింటుంటే ఫోన్ వచ్చింది. ‘వీసా వచ్చినా ఎయిర్‌పోర్ట్ నుంచి వెనక్కి పంపేస్తున్నారు సార్, పెద్దవాళ్లు కదా, మా ట్రైనింగ్ తీసుకోండి’ అన్నారు. ఇద్దరికీ కలిపి 3,500 రూపాయలు. అమ్మ ఆ రాత్రి నిద్రపోలేదు. కట్టేశాను.

వాళ్లు చెప్పిన ఆ మాట అబద్ధం కాదు. వీసా అంటే అమెరికా గుమ్మం దాకా వెళ్లి తలుపు కొట్టడానికి అనుమతి, అంతే. లోపలికి రానివ్వాలా, ఎన్నాళ్లు ఉండనివ్వాలా అనేది గుమ్మంలో కూర్చున్న సీబీపీ (అమెరికా కస్టమ్స్, సరిహద్దు శాఖ) ఆఫీసర్ చేతిలో ఉంటుంది. కాన్సులేట్‌లో ‘తిరిగి మా ఊరు వచ్చేస్తాం’ అని ఎలా నమ్మించామో అక్కడా అలాగే నమ్మించాలి. మొదటి కౌంటర్‌లో సందేహం వస్తే సెకండరీ అనే గదికి పంపి మళ్లీ అడుగుతారు, కావాలంటే బ్యాగులు చూస్తారు, ఫోన్ కూడా చూసే అధికారం వాళ్లకి ఉంది. కాబట్టి ప్రిపేర్ అవ్వడం అవసరమే. వీళ్లు ప్రిపేర్ చేసిన తీరు మీదే నా బాధంతా.

రెండు గంటల క్లాసు. ముందు ఒక సారు వచ్చి అమ్మ చేతికి ఒక కాగితం ఇచ్చారు, పది ప్రశ్నలు, పది జవాబులు, ఇంగ్లీషు మాటలు తెలుగు అక్షరాల్లో. ఎందుకు వస్తున్నారు అంటే టూరిజం. ఏం చూస్తారు అంటే నయాగరా, స్టాట్యూ ఆఫ్ లిబర్టీ. ఎన్నాళ్లు అంటే మూడు వారాలు. కూతురు కడుపుతో ఉందన్న మాట ఎత్తనే ఎత్తొద్దు, వాట్సాప్‌లో ఆ మెసేజ్‌లన్నీ తీసేయండి అన్నారు. నేను పక్కనే ఉన్నాను. రిటర్న్ టికెట్ నాలుగున్నర నెలల తర్వాతకి వీళ్లే బుక్ చేశారు! టికెట్‌లో ఒకటి, నోట్లో ఒకటి అయితే ఎలా సార్ అని అడిగితే ‘అందరికీ ఇదే చెబుతాం, ఏం కాలేదు’ అన్నారు. అప్పుడే లేచి వచ్చేయాల్సింది, రాలేదు. ఇంటికొచ్చాక నాన్నగారికీ అమ్మకీ ఆ కాగితం పక్కన పెట్టేయమని చెప్పాను. నాన్నగారు విన్నారు. అమ్మ మాత్రం డబ్బులు కట్టి నేర్చుకున్నది కదా అని రోజూ పూజ అయ్యాక చదివేది.

అక్కడ అబద్ధం చెప్పి దొరికితే పోయేది ఆ ఒక్క ప్రయాణం కాదు. కావాలని తప్పు చెప్పి లోపలికి రావాలని చూశారని తేలిస్తే వాళ్ల చట్టంలో అది జీవితాంతం వెంటాడే మచ్చ, మళ్లీ వీసా రావాలంటే ప్రత్యేకంగా మినహాయింపు దొరకాలి. కూతురి డెలివరీకి వెళ్లడం నేరమేమీ కాదు. మనవడిని చూడటానికి, నాలుగు రోజులు కూతురి దగ్గర ఉండటానికి వస్తున్నామని చెబితే సరిపోతుంది, అది నిజం కూడా. జీతానికి పిల్లల్ని చూసుకోవడానికి వెళ్తే వేరే సంగతి, దానికి విజిటర్ వీసా చెల్లదు.

ఇక ఆ అమ్మాయి. క్లాసు రెండో సగం ఆమె చెప్పింది. వేలిముద్రల మెషీన్ బొమ్మ బల్ల మీద పెట్టి, కుడి చేయి నాలుగు వేళ్లు, తర్వాత బొటనవేలు, తర్వాత ఎడమ చేయి అని నాన్నగారి చేత నాలుగైదు సార్లు పెట్టించింది. అమ్మ వేళ్లు చూసి, ‘ఆంటీ, మీ వేళ్లు బాగా పొడిబారాయి, గీతలు అరిగిపోయాయి, లైన్‌లో ఉన్నప్పుడు కాస్త క్రీమ్ రాసి తుడుచుకోండి, ఒక్కసారికి పడకపోతే కంగారు పడకండి, గట్టిగా నొక్కి పెట్టండి’ అంది. అక్కడ అచ్చంగా అదే జరిగింది, మూడోసారికి పడింది, అమ్మ కంగారు పడలేదు. సామాను లిస్టు కూడా ఆమే చూసింది. కరివేపాకు రెమ్మలు తీసేయించింది, అది నిమ్మ, నారింజ కుటుంబానికి చెందిన చెట్టు, ఆ తోటల్ని నాశనం చేసే తెగులు దాంతో వస్తుందని అమెరికా వాళ్లు రానివ్వరు. చికెన్ పచ్చడి తీసేయించింది. ఆవకాయ, మాడుగుల హల్వా ఉంటే దాచకుండా ‘తినేవి ఉన్నాయి’ అని ముందే చెప్పేయండి, వాళ్లు చూసి వద్దంటే తీసుకుంటారు, చెప్పకుండా దొరికితేనే ఫైన్ అంది. నగదు మనిషికో లెక్క కాదు, కుటుంబం మొత్తం కలిపి 10,000 డాలర్లు దాటితే డిక్లేర్ చేయాలని కూడా ఆమె చెప్పిందే.

ఒక్కటి ఆమె కూడా మర్చిపోయింది, గసగసాలు. టికెట్ అబుదాబి మీదుగా. యూఏఈలో గసగసాలు మత్తుమందు కింద లెక్క, ట్రాన్సిట్‌లో దొరికినా పెద్ద కేసు. అమ్మ మసాలా డబ్బాలోంచి ఆ పొట్లం నేను తీశాను.

అబుదాబి గురించి ఆఫీసులో ఎవరికీ తెలియని ఇంకో పెద్ద సంగతి ఉంది. అక్కడ 2014 నుంచి అమెరికా ప్రీక్లియరెన్స్ ఉంది. అంటే అమెరికా ఆఫీసర్లే అబుదాబి ఎయిర్‌పోర్ట్‌లో కూర్చుని ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్ అన్నీ అక్కడే చేసేస్తారు, షికాగోలో దిగితే లోకల్ ఫ్లైట్‌లో వచ్చినట్టు నేరుగా సామాను తీసుకుని బయటికి వెళ్లిపోవచ్చు. మంచి సదుపాయమే, కానీ ముందు తెలియాలి! మావాళ్లకి ‘షికాగోలో దిగాక క్యూ ఉంటుంది, అప్పటికి మీ అమ్మాయి బయటే ఉంటుంది’ అని చెప్పారు. అర్ధరాత్రి నిద్రమత్తులో, హైదరాబాద్ నుంచి దిగి గేటు వెతుక్కుంటూ వెళ్తుంటే ఎదురుగా అమెరికా జెండా, యూనిఫామ్ ఆఫీసర్లు. చెల్లి అడ్రసు, ఫోన్ నంబరు రాసిన కాగితం చెక్-ఇన్ సూట్‌కేసులో, వీళ్లు 400 రూపాయలకి అమ్మిన లావుపాటి ఫైలులో ఉండిపోయింది.

కౌంటర్‌లో జరిగింది నాన్నగారు ఫోన్‌లో చెప్పిందే రాస్తున్నాను. ఎందుకు వెళ్తున్నారని అడగ్గానే అమ్మ ‘టూరిజం, నయాగరా’ అంది. ఎవరి దగ్గర ఉంటారు అంటే కూతురు అంది. ఏ ఊరు, ఎన్నాళ్లు అనేసరికి ఆ కాగితం మీద ఉన్నది గుర్తు రాలేదు, మా అమ్మ మాట ఆగిపోయి బొమ్మలా నిలబడిపోయింది. నాన్నగారు ‘సర్, మా అమ్మాయికి వచ్చే నెల డెలివరీ, నాలుగున్నర నెలలు ఉండి వెళ్తాం, అక్టోబర్‌లో రిటర్న్’ అని తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పారు. రెండు జవాబులు వేరుగా ఉండటంతో సెకండరీకి పంపారు. నలభై నిమిషాలు. తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని నాన్నగారు అడిగితే ఫోన్ లైన్‌లో ఒకామెని కలిపారు, అది అడగొచ్చని కూడా క్లాసులో ఎవరూ చెప్పలేదు. చెల్లి నంబరు నాన్నగారికి నోటికి వచ్చు కాబట్టి బతికిపోయాం, ఆఫీసర్ తనతో మాట్లాడి, అమ్మని మళ్లీ నెమ్మదిగా అడిగారు. అమ్మ ఏడుస్తూ నిజం చెప్పింది. ఆయన నీళ్ల బాటిల్ ఇచ్చి, ఫైలు అడగలేదు, ఆస్తి కాగితాలు అడగలేదు, రిటర్న్ టికెట్ చూసి, ఆవకాయ గురించి ఒక ప్రశ్న వేసి పంపేశారు. ఆ నలభై నిమిషాలు నా తల్లి ఎంత భయపడి ఉంటుందో తలుచుకుంటే ఇప్పటికీ నాకు కోపం ఆగదు, నిజం చెప్పుకోవడానికి వెళ్లిన మనిషిని అబద్ధం బట్టీ పట్టించి పంపారు.

చేతి బ్యాగులో ఉండాల్సినవి పాస్‌పోర్టు, రిటర్న్ టికెట్, ఉండబోయే ఇంటి అడ్రసు, ఫోన్ నంబరు ఒక చిన్న కాగితం మీద, మందులు వాటి అసలు ప్యాకింగ్‌లోనే డాక్టర్ చీటీతో. అంతే. అబుదాబి మీదుగా అయితే కనెక్షన్‌కి కనీసం నాలుగు గంటలు ఉండేలా టికెట్ తీసుకోమని నా సలహా.

ఇంకొకటి, పదేళ్ల వీసా కాబట్టి ఎన్నాళ్లైనా ఉండొచ్చని క్లాసులో ఆ సారు అన్న మాట పూర్తిగా తప్పు. ఎప్పటి దాకా ఉండొచ్చో చెప్పేది ఐ-94 అనే ఎంట్రీ రికార్డు. విజిటర్‌కి మామూలుగా ఆరు నెలలు ఇస్తారు. పాస్‌పోర్టులో ముద్ర పడకపోవచ్చు కూడా, అందుకని దిగిన మర్నాడే సీబీపీ వెబ్‌సైట్‌లో పాస్‌పోర్టు నంబరు కొట్టి ఐ-94 తేదీ చూసుకోండి. ఆ తేదీ దాటి ఒక్క రోజు ఉన్నా ఆ పదేళ్ల వీసా రద్దయిపోతుంది. చెల్లి ఇద్దరివీ ప్రింట్ తీసి ఫ్రిజ్ మీద అంటించింది.

వారం తర్వాత నేను ఆఫీసుకి వెళ్లి అంతా చెప్పాను. ‘వెళ్లిపోయారు కదా సార్’ అన్నారు. డబ్బులు వద్దు, ఆ పది ప్రశ్నల కాగితం ఇంకెవరికీ ఇవ్వకండి, అబుదాబి సంగతి ముందే చెప్పండి అని అడిగాను. సారు చూద్దాం అన్నారు. ఆ అమ్మాయి మాత్రం ప్రీక్లియరెన్స్, గసగసాలు రెండూ తన నోట్‌బుక్‌లో రాసుకుంది. ఫారం పనికి వెళ్తే ఆమెనే అడగండి.