కొత్త టెక్నో: రికార్డు కొనాలా, ఫైల్ చాలా?

"అన్నా, అదే ట్రాక్ బ్యాండ్‌క్యాంప్ సైట్‌లో ఫైల్‌గా 2 యూరోలకి వస్తుంటే వినైల్ రికార్డుకి 14 యూరోలు ఎందుకు?" ఈ నెలలో ముగ్గురు అడిగారు. ఒకరు హైదరాబాద్ నుంచి, ఇద్దరు ఇక్కడ బెర్లిన్‌లోనే. ముగ్గురూ కొత్తగా డీజే మిక్సింగ్ (ట్రాకులు ఒకదానిలోకి ఒకటి కలపడం) మొదలుపెట్టినవాళ్లే. పోయిన వారం ఒక కొత్త 12 అంగుళాల రికార్డు దగ్గర నాకూ ఇదే ప్రశ్న వచ్చింది. చివరికి రికార్డూ, నాణ్యత తగ్గించని వేవ్ ఫైలూ రెండూ కొని పక్కపక్కన పెట్టి విన్నాను.

రికార్డులో ఏదో వెచ్చదనం ఉంటుందన్న మాట పక్కన పెడదాం. ఇంట్లో సోఫాలో కూర్చుని వినేవాళ్లు దాని గురించి ఎంతైనా వాదించుకోవచ్చు. టెక్నో, అంటే యంత్రాలతో చేసే ఎలక్ట్రానిక్ డాన్స్ మ్యూజిక్, పుట్టింది డాన్స్‌ఫ్లోర్ కోసం. కాబట్టి నేను చూసేది ఒక్కటే: పెద్ద స్పీకర్ల ముందు కిక్ (ప్రతి బీట్‌కి పడే లోతైన డ్రమ్ దెబ్బ), బేస్ ఎలా పడుతున్నాయి?

డప్పు కొట్టేవాళ్లు ముందు దాన్ని మంట దగ్గర కాస్తారు. చర్మం బిగిసి, దెబ్బ పడగానే "ఠంగ్" అని గుండెకి తగులుతుంది. చెమ్మెక్కిన డప్పుని ఎంత గట్టిగా కొట్టినా మోత ఉంటుంది కానీ దెబ్బ ఉండదు. ఈ మధ్య వస్తున్న చాలా డిజిటల్ ఫైళ్లలో కిక్ నాకు ఆ చెమ్మ డప్పులాగే వినిపిస్తోంది. పక్క ట్రాక్ కన్నా చప్పుడు తక్కువగా ఉందని ఎవరూ అనకూడదని మాస్టరింగ్‌లో, అంటే విడుదలకి ముందు చేసే చివరి సవరణలో, ఎత్తుగా లేచే శబ్దాన్ని లిమిటర్ అనే సాధనంతో నొక్కేస్తారు. కిక్ మొదటి క్షణంలో లేచే ఆ తల తెగిపోతుంది. ఫోన్‌లో వింటే ట్రాక్ మంచి జోరుగా ఉన్నట్టే అనిపిస్తుంది. క్లబ్ సిస్టమ్ మీద మాత్రం అంతా ఒకే మట్టంలో గోడలా నిలబడుతుంది.

రికార్డు మీద గాడి కోసేటప్పుడు (కట్టింగ్) ఈ నొక్కుడు పెద్దగా పనికిరాదు. అక్కడ జోరు ఇచ్చేది స్థలం. రికార్డు ఒక్కో పక్కకు ఒకే ట్రాక్ ఉంటే గాడి వెడల్పుగా ఊగడానికి చోటు దొరుకుతుంది, 45 వేగంలో (నిమిషానికి 45 చుట్లు) కోస్తే ప్రతి అలకీ పొడవునా కూడా చోటు పెరుగుతుంది. అందుకే శ్రద్ధ ఉన్న లేబుళ్లు (రికార్డు కంపెనీలు) వినైల్‌కి నొక్కని మాస్టర్ విడిగా పంపుతాయి. నేను కొన్న రికార్డు అలాంటిదే. రెండింటి వాల్యూమ్ సమానం చేసి వింటే కిక్‌లో తేడా తెలిసిపోయింది. ఒక జాగ్రత్త: రికార్డుని కంప్యూటర్‌లోకి ఎక్కించి గ్రాఫ్ చూసి తీర్పు ఇవ్వకండి. ఒకే మాస్టర్ నుంచి కోసినా, ముల్లు నుంచి వచ్చిన గ్రాఫ్‌లో శిఖరాలు ఎక్కువ లేచినట్టు కనిపిస్తాయి. చెవితోనే తేల్చుకోవాలి.

నా దృష్టిలో అసలు తేల్చేది బేస్. రికార్డు గాడిలో ఎడమ, కుడి చానెళ్లలో ఒకేలా ఉన్న శబ్దం ముల్లుని పక్కలకు కదుపుతుంది. రెండింటి మధ్య తేడా పైకీ కిందికీ కదుపుతుంది. బేస్ ఎడమకీ కుడికీ ఎదురెదురుగా ఉంటే, అంటే ఒకటి ముందుకి నెడుతుంటే ఇంకొకటి వెనక్కి లాగుతుంటే, ముల్లు గాడిలోంచి ఎగిరిపోవచ్చు. అందుకే కట్టింగ్ చేసేవాళ్లు కింది బేస్‌ని తెచ్చి మధ్యలో కలిపేస్తారు. ఫైల్‌కి ఈ కట్టుబాటు లేదు. హెడ్‌ఫోన్స్‌లో రెండు చెవుల చుట్టూ తిరిగే బేస్ అద్భుతంగా ఉంటుంది. కానీ చాలా క్లబ్బుల్లో సబ్‌వూఫర్లకి (బేస్ కోసం ఉండే పెద్ద స్పీకర్లకి) వెళ్లేది మోనోనే, అంటే ఎడమ, కుడి కలిపేసిన ఒకే శబ్దం. ఎదురెదురుగా ఉన్న ఆ బేస్ అక్కడ ఒకదాన్నొకటి కొట్టేసుకుని మాయమైపోతుంది. ఇంట్లో ఇల్లదిరేలా మోగిన ట్రాక్ క్లబ్‌లో పీలగా వినిపించడానికి చాలాసార్లు ఇదే కారణం. రికార్డు మీదికి ఎక్కిన ట్రాక్ ఈ పరీక్ష ముందే దాటి వస్తుంది.

పాతతరం వాళ్లకి ఇది బాగా తెలుసు. బెర్లిన్‌లో 1989లో హార్డ్ వాక్స్ అనే రికార్డుల షాపు పెట్టిన మార్క్ ఎర్నెస్టస్, బేసిక్ చానెల్ అనే టెక్నో జోడీలో ఆయన జంట మోరిట్జ్ ఫాన్ ఓస్వాల్డ్, 1990ల మధ్యలో డబ్‌ప్లేట్స్ అండ్ మాస్టరింగ్ అనే సొంత కట్టింగ్ స్టూడియోనే పెట్టుకున్నారు. డెట్రాయిట్‌లో రాన్ మర్ఫీ అదే కట్టింగ్ పని చేసేవాడు. మ్యూజిక్ చేసేవాళ్లూ గాడి కోసేవాళ్లూ పక్కపక్కన కూర్చుని పని చేయడం వల్లే ఆ రికార్డులు ఇప్పటికీ సిస్టమ్ మీద అలా నిలబడుతున్నాయని నా నమ్మకం.

మీ దగ్గర టెక్నో రికార్డు ఉంటే దీపం కింద వంచి చూడండి. నిమిషానికి 133 బీట్ల ట్రాక్, 33 వేగంలో తిరిగే రికార్డు అయితే ఒక చుట్టుకి దాదాపు సరిగ్గా నాలుగు కిక్‌లు పడతాయి. మధ్య నుంచి అంచు దాకా బండి చక్రం ఆకుల్లా నాలుగు గీతలు కనిపిస్తాయి. బీట్ కొంచెం అటూఇటూ అయితే ఆ గీతలు వంపు తిరుగుతాయి. నేను మొదటిసారి చూసినప్పుడు చాలాసేపు అలాగే పట్టుకుని కూర్చున్నాను.

అయితే రికార్డు ప్రతిచోటా గెలవదు. లోపలి గాడులు దాని బలహీనత. 33 వేగంలో బయటి అంచు దగ్గర ముల్లు కింద గాడి సెకనుకి సుమారు 51 సెంటీమీటర్లు నడిస్తే, మధ్యలోని కాగితం లేబుల్ దగ్గర సుమారు 21 మాత్రమే. హై-హ్యాట్ (తాళంలా మోగే సన్నటి శబ్దం) మెరుపు అక్కడ తగ్గిపోతుంది. అందుకే ఒక్కో పక్కకి రెండు మూడు ట్రాకులు కుక్కిన రికార్డుల్లో చివరి ట్రాక్ నచ్చితే నేను ఫైలే కొంటాను.

రెండోది డెక్కుల, అంటే రికార్డు తిప్పే టర్న్‌టేబుళ్ల, సంగతి. పోయిన చలికాలం ఒక చిన్న బార్‌లో ప్లే చేశాను. డెక్కులు మామూలు చెక్క బల్ల మీద పెట్టారు, దాని కిందే సబ్‌వూఫర్. మొదటి రికార్డు కిక్ పడగానే గదంతా "హూమ్" అని మూలగడం మొదలైంది. బల్ల మీద చెయ్యి పెడితే వణుకు అరచేతికి తెలుస్తోంది. ఆ వణుకు ముల్లులోకి వెళ్లి, స్పీకర్లోంచి వచ్చి, మళ్లీ ముల్లులోకి వెళ్తోంది. బేస్ నాబ్ సగానికి తిప్పితే తప్ప ఆగలేదు. బేస్ కోసమే మోసుకెళ్లిన రికార్డుని బేస్ తీసేసి వినిపించడం నాకు చాలా బాధ కలిగించింది. మిగతా సెట్ అంతా పెన్‌డ్రైవ్‌లోంచే నడిపాను. డెక్కుల కింద కాంక్రీట్ పలకలు వేసి శ్రద్ధగా అమర్చే క్లబ్బులు ఉన్నాయి, కానీ తక్కువ.

ఎమ్‌పీ3 320 (కుదించిన ఫైళ్లలో మంచి నాణ్యత ఉన్నది) అయితే అవసరానికి పర్వాలేదు. వేవ్ దొరుకుతుంటే ఎమ్‌పీ3కి వెళ్లడం ఎందుకు? స్ట్రీమింగ్ కొత్తవి వెతుక్కోవడానికి బాగుంటుంది. క్యాసెట్ అయితే క్లబ్‌కి పనికిరాదు.

అడిగినవాళ్లకి నా జవాబు ఇది. హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడికైతే వేవ్ ఫైలే చెప్పాను. షిప్పింగ్, కస్టమ్స్ కలిపితే రికార్డు ధర ఎక్కడికో పోతుంది, మన ఎండలకి కారులో గంట మర్చిపోతే అది వంగిపోతుంది. ఫైల్ కొన్నాక ఒక్కసారి మోనోలో పెట్టి విను, బేస్ నిలబడితేనే సెట్‌లో వేసుకో అన్నాను.

ఇక్కడ ఉన్న ఇద్దరికీ మాత్రం రికార్డే కొనమన్నాను, పక్కకి ఒకే ట్రాక్, 45 వేగం అయితే. మధ్యలోని కాగితం లేబుల్ పక్కన నున్నటి భాగంలో చేత్తో గీసిన అక్షరాలు చూడండి. ఎవరు కోశారో, ఎక్కడ కోశారో చాలాసార్లు అక్కడే ఉంటుంది. ఆ గుర్తు పట్టుకుని కొన్న రికార్డులు నన్ను ఇప్పటిదాకా నిరాశపరచలేదు. పోయిన వారం కొన్నదానిలోనూ ఆ గుర్తు ఉంది. వచ్చే శనివారం ప్లే చేసే చోట డెక్కుల కింద రాతి పలకలు ఉన్నాయని కనుక్కున్నాను, దాన్నే తీసుకెళ్తున్నాను. ఫైల్ కూడా పెన్‌డ్రైవ్‌లో ఉంటుంది.