కొత్త హార్డ్ డిస్క్ అని అమ్మారు, కాదు: రెయిడ్‌లోకి డేటా మార్చేవాళ్లు జాగ్రత్త

ఇంట్లో సర్వర్ పెట్టుకుని, ఉన్న డేటాను రెయిడ్‌లోకి, అంటే కలిసి ఒకటిగా పనిచేసే డిస్కుల్లోకి, మార్చాలనుకునేవాళ్లు డిస్క్ కొనేముందు ఇది చదవండి. నాకు జరిగింది ఇంకొకరికి జరగకూడదు.

నా దగ్గర పదేళ్ల ఫొటోలు, వీడియోలు ఉన్న 4 టీబీ డిస్క్ ఒకటి ఉండేది. ఎప్పుడు పోతుందోనని టెన్షన్. అందుకే సికింద్రాబాద్‌లో ఒక షాపులో అదే సైజుది ఇంకొకటి కొన్నాను. లినక్స్ వాడేవాళ్లకు ఈ పద్ధతి తెలిసే ఉంటుంది. రెండో డిస్క్ 'మిస్సింగ్' అని చెప్పి, కొత్తదానితోనే రెయిడ్ 1 (రెండు డిస్కుల్లోనూ ఒకే డేటా ఉండే ఏర్పాటు) తయారుచేస్తాం. పాతదాంట్లోని డేటా అందులోకి కాపీ చేసి, ఆ తర్వాత పాతదాన్నీ చేరుస్తాం. కొత్తదాంట్లో ఉన్నదంతా దాని మీదికి సింక్ అవుతుంది.

కానీ సింక్ మొదలైన క్షణం నుంచి పాత డిస్క్‌లో ఉన్నది చెరిగిపోతూ ఉంటుంది. అది పూర్తయ్యేదాకా మన డేటాకు కొత్త డిస్క్ ఒక్కటే దిక్కు. సెకనుకు 150 ఎంబీ చొప్పున చూసుకున్నా 4 టీబీకి ఏడు గంటల పైనే పడుతుంది. నాది 38 శాతం దగ్గర ఆగిపోయింది. లాగ్ నిండా రీడ్ ఎర్రర్లు, అన్నీ కొత్త డిస్క్ నుంచే. కాపీ చేసినప్పుడు ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. తిరిగి చదవబోతే కొన్ని సెక్టార్లు పలకలేదు.

మూడు రోజులు కూర్చుని డీడీరెస్క్యూ అనే డేటా రికవరీ ప్రోగ్రామ్‌తో చాలావరకు బయటికి లాగాను. నాన్నగారి షష్టిపూర్తి వీడియో మాత్రం సగంలో ఆగిపోతోంది. ఆయన ఇప్పుడు లేరు.

తర్వాత ఆ డిస్క్‌ను లైటు కింద పెట్టి చూశాను. స్క్రూ రంధ్రాల అంచుల్లో అరుగుదల, కనెక్టర్ బంగారు రంగు పళ్ల మీద సన్నటి గీతలు. డిస్క్ తన వాడకం, ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ రిపోర్టులో మాత్రం నేను వాడిన గంటలే ఉన్నాయి. సెకండ్ హ్యాండ్ కారుకు మీటర్ తిప్పినట్టు తిప్పేశారు. కంపెనీ సైట్‌లో సీరియల్ నంబర్ కొడితే వారంటీ ఎప్పుడో అయిపోయిందని వచ్చింది. 2025 మొదట్లో జర్మనీలో కూడా వాడిన సీగేట్ డిస్కులను ఇలాగే కొత్తవిగా అమ్మిన సంగతి బయటపడింది. సీగేట్ డిస్కయితే ఫార్మ్ లాగ్ (డిస్క్ లోపల విడిగా ఉండే వాడకం రికార్డు) కూడా చూడండి. ఈ రిపోర్టులు చూపే స్మార్ట్‌మోన్‌టూల్స్ ప్రోగ్రామ్‌లో 7.4 వెర్షన్ నుంచి అది కనిపిస్తుంది. స్మార్ట్ గంటలకూ దానికీ పొంతన లేకపోతే ఆ డిస్క్ వద్దు.

షాపుకు వెళ్తే "ఇది మేమిచ్చిన డిస్కే కాదు" అన్నారు. బిల్లు మీద సీరియల్ నంబర్ లేదు. అడిగి రాయించుకోకపోవడం నా పొరపాటే. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను, ఇంకా తేలలేదు.

కొత్త డిస్క్ రాగానే స్మార్ట్ లాంగ్ టెస్ట్ పెట్టండి. డేటా ఎక్కించకముందే డిస్క్ మొత్తం రాసి, తిరిగి చదివి చూసే బ్యాడ్‌బ్లాక్స్ రైట్ టెస్ట్ కూడా నడపండి. 4 టీబీకి రెండు మూడు రోజులు పడుతుంది, పట్టనివ్వండి. పాత డిస్క్‌ను రెయిడ్‌లో చేర్చేముందు డేటా మూడో చోట కూడా ఉండాలి, స్నేహితుడి దగ్గర అరువు తెచ్చుకున్న డిస్కైనా సరే. ఈ మధ్య 'కొత్త' డిస్క్ తక్కువ ధరకు కొన్నవాళ్లు ఎవరైనా ఉంటే, సింక్ మొదలుపెట్టకముందే దాని సీరియల్ నంబర్ వారంటీ పేజీలో ఒకసారి కొట్టి చూడండి.