సంక్రాంతికి ఊరా, ప్రాక్టీసా, స్పెషల్ క్లాసులా: ఏది మేలు?

టెన్త్‌లోనో ఇంటర్‌లోనో ఉండి, ఏదో ఒక ఆట సీరియస్‌గా ఆడే పిల్లలున్న ఇంట్లో డిసెంబరు నెలాఖరుకల్లా పంచాయితీ మొదలవుతుంది. అమ్మమ్మ ఎప్పుడొస్తున్నారని అడుగుతుంది. స్కూలువాళ్లు స్పెషల్ క్లాసులంటారు, కోచ్ క్యాంప్ అంటాడు. ఎవరికీ కాదనలేక చివరిదాకా నాన్చి, రాకెట్టూ పుస్తకాల సంచీ తగిలించి పిల్లవాణ్ని బస్సెక్కిస్తారు. ఉన్న దారులన్నిటిలోకీ నష్టమైనది ఇదే.

లెక్క పండగ నుంచి మొదలుపెట్టకండి. పోటీ తేదీ నుంచో, పరీక్ష తేదీ నుంచో వెనక్కి లెక్కపెట్టండి. 2025లో సంక్రాంతి జనవరి 14న వస్తే జేఈఈ మెయిన్ మొదటి విడత 22న మొదలైంది. అంటే మధ్యలో వారం చిల్లర. ఖేలో ఇండియా యూత్ గేమ్స్ అయితే 2019లో పుణెలో, 2020లో గువాహటిలో సరిగ్గా పండగ రోజుల మీదుగానే జరిగాయి. అలాంటి ఏడాది చర్చకు తావే లేదు. మిగతా ఏళ్లలో మాత్రం చాలామంది అనవసరంగా పండగ వదులుకుంటున్నారు.

సెలవులన్నీ ఊళ్లోనే

ఎనిమిదో తరగతి లోపు పిల్లలైతే, దగ్గర్లో టోర్నమెంట్ లేకపోతే, ఇదే మేలు. వారం పది రోజులు ఆడకపోతే వెనకబడిపోతారన్న భయంలో పస తక్కువ. కండరాల బలం రెండు మూడు వారాలు ఆపినా పెద్దగా తగ్గదు. దమ్ము తగ్గడం తెలిసేది దాదాపు పన్నెండు రోజుల తర్వాత. తిరిగొచ్చాక మొదటి రెండు రోజులు ఆయాసం ఎక్కువగా అనిపిస్తుంది. ప్రాక్టీసు మానగానే రక్తంలో ద్రవభాగం కొంత తగ్గుతుంది, అందుకే అలా ఉంటుంది. మళ్లీ ఆడటం మొదలుపెడితే అది త్వరగానే సర్దుకుంటుంది. షటిల్, టేబుల్ టెన్నిస్ లాంటి వాటిలో చేతి టచ్ మాత్రం కాస్త పోతుంది. తిరిగి రావడానికి మూడు నాలుగు సెషన్లు పడుతుంది.

అసలు దెబ్బ నిద్రకి. అర్ధరాత్రి దాకా పేకాట, కబుర్లు, తెల్లవారుజామున నాలుగున్నరకే భోగిమంట. అరిసెల గురించి గోలపెట్టే తల్లిదండ్రులు ఈ నిద్ర సంగతి పట్టించుకోరు. మధ్యాహ్నం గంటన్నర పడుకోబెడితే సగం సమస్య తీరుతుంది. అరిసెలు తిననివ్వండి.

రాకెట్టూ పుస్తకాలూ పట్టుకెళ్లడం

కాగితం మీద ఇది తెలివైన పనిలాగే కనిపిస్తుంది. పదిహేను మంది పిల్లలు పెరట్లో గాలిపటాలకు దారం చుట్టుకుంటుంటే, లోపలి గదిలో ఫిజిక్స్ చాప్టర్ ముందు కూర్చున్నవాడికి చదువు ఎక్కదు, పండగా దక్కదు. తిరిగొచ్చేటప్పుడు రెంటికీ చెడ్డానన్న చిరాకు ఒక్కటే మిగులుతుంది.

ఇందులో ఎవరూ లెక్కలోకి తీసుకోని చిక్కు ఇంకోటి ఉంది. సంక్రాంతికి చాలా ఊళ్లలో కబడ్డీ, వాలీబాల్ పోటీలు పెడతారు. 'మీవాడు హైదరాబాద్‌లో కోచింగ్ తీసుకుంటాడటగా' అని మేనమామే లాక్కెళ్లి టీములో పేరు రాయిస్తాడు. గరుకు నేల, ట్యూబ్‌లైట్ల వెలుతురు, వేరే ఆటకు అలవాటుపడిన కాళ్లు. చీలమండ మెలిపడితే మూడు వారాలు పోయినట్టే. వారం రోజులు ప్రాక్టీసు మానడం కన్నా ఇదే పెద్ద నష్టం. పోటీ నెలలోపు ఉంటే మేనమామకు ముందే ఫోన్‌లో చెప్పేయండి.

తీసుకెళ్లక తప్పని పరిస్థితి అయితే రోజు విడిచి రోజు, టిఫిన్‌కు ముందు, ముప్పై అయిదు నిమిషాలు చాలు. అయిదు నిమిషాలు వార్మప్. రెండేసి నిమిషాల చొప్పున మూడు సార్లు తాడాట, మధ్యలో నిమిషం విరామం. షటిల్ ఆడేవాళ్లు షాడో (కాక్ లేకుండా, ఆడుతున్నట్టే కదలడం) చేయాలి: ఇరవై సెకన్లు పూర్తి వేగంతో, నలభై సెకన్లు ఆగి, అలా పది సార్లు. తర్వాత పుషప్స్, స్క్వాట్స్ ఏడు నిమిషాలు, స్ట్రెచింగ్ అయిదు. నిడివి తగ్గినా ఫర్వాలేదు, వేగం తగ్గకూడదు. తగ్గించిన ప్రాక్టీసుతో ఫిట్‌నెస్ నిలబడేది ఆ వేగం వల్లే. పొలం గట్ల మీద పరిగెత్తనివ్వకండి. మంచుకు జారతాయి, ఎత్తుపల్లాలు కనపడవు. ఊరి హైస్కూల్ గ్రౌండ్ మేలు.

మూడు రాత్రులు, ఉత్త చేతులతో

తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ దాకా ఎక్కువమందికి పనికొచ్చేది ఇదే. భోగి ముందురోజు వెళ్లాలి, కనుమ దాకా ఉండాలి. పుస్తకం వద్దు, కిట్ వద్దు. కోచ్‌ను 'పంపిస్తారా' అని అడిగితే వద్దనే అంటాడు. 'ఈ వారంలో తప్పనిసరి సెషన్లు ఏవి?' అని అడగండి. సెలక్షన్ ట్రయల్స్‌కు రోజులుంటే సాధారణంగా రెండో మూడో చెబుతాడు. వాటిని చూసుకుని ప్రయాణం పెట్టుకోవచ్చు.

కనుమను మాత్రం కోయకండి, ముఖ్యంగా కోనసీమ వాళ్లు. జగ్గన్నతోటలో ప్రభల తీర్థం జరిగేది ఆరోజే. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు, అంటే దేవుణ్ని నిలిపి అలంకరించిన ఎత్తైన వెదురు చట్రాలు, వస్తాయి. గంగలకుర్రు ప్రభను కౌశిక కాలువలో దిగి, నీళ్లలోంచే భుజాల మీద దాటిస్తారు. అది చూడకుండా వచ్చేస్తే పిల్లవాడు ఊరికి వెళ్లినట్టే కాదు.

చిక్కంతా తిరుగు ప్రయాణంతో. కనుమ నాడు కాకైనా కదలదంటారు కాబట్టి అందరూ మర్నాడు ఒక్కసారే బయల్దేరతారు. విజయవాడ హైవే మీద చిల్లకల్లు, కొర్లపహాడ్, పంతంగి టోల్‌గేట్ల దగ్గర బారులు తీరతాయి. మామూలుగా అయిదారు గంటల దారి ఎంతసేపవుతుందో ఎవరూ చెప్పలేరు. పట్టింపు లేని ఇళ్లవాళ్లకు కనుమ రాత్రి రైలే నయం. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు తెరుస్తున్నారు. జనవరి 12 ప్రయాణానికి నవంబరు 13 పొద్దున ఎనిమిదింటికే కూర్చోవాలి. తిరుగు టికెట్ కూడా అదే వారంలో దొరక్కపోతే తత్కాల్ మీద ఆశ పెట్టుకోవద్దు.

ఉండిపోవడం

పోటీ పది రోజుల్లోపు ఉంటే, లేదా జేఈఈ మొదటి విడత రాస్తుంటే, ఉండిపోవడమే మంచిది. పిల్లవాడిని హాస్టల్‌లోనో పక్కింట్లోనో వదిలి మిగతా ఇల్లంతా ఊరెళ్లడం మాత్రం వద్దు. ఒక్కరైనా ఆగండి. భోగి పొద్దున ప్రాక్టీసుకు వెళ్లే ముందే అపార్ట్‌మెంట్ కింద నాలుగు పిడకలు వెలిగించండి. సంక్రాంతి రోజు సెషన్ ఒక పూటకే ఉంచమని అడిగితే చాలామంది కోచ్‌లు ఒప్పుకుంటారు. వాళ్లకూ పండగ ఉంటుంది.

స్పెషల్ క్లాసుల కోసమే ఆగాలా అన్నది వేరే సంగతి. వాటిలో కొత్త పాఠం చెబుతున్నారా, స్లిప్ టెస్టులు పెడుతున్నారా అని కనుక్కోండి. టెస్టులే అయితే పేపర్లు తెచ్చుకుని, వచ్చాక గడియారం పెట్టుకుని ఇంట్లో రాసుకోవచ్చు. దానికోసం పండగ పోగొట్టుకోనక్కర్లేదు. పైగా సెలవుల్లో క్లాసులు పెట్టొద్దని ఇంటర్ బోర్డులు కాలేజీలకు చెబుతూనే ఉంటాయి. వినేవాళ్లు ఎందరన్నది అందరికీ తెలిసిందే.

ఏ దారిన వెళ్లినా తిరిగొచ్చిన రోజే పోయిందంతా పూడ్చాలని రెండు సెషన్లు ఆడించకండి. రాత్రంతా బస్సులో ముడుచుకు కూర్చున్న తొడ కండరాలు పట్టేసేది అప్పుడే. మొదటి రోజు సగం సమయం ఆడనివ్వండి, స్మాష్‌లూ స్ప్రింట్లూ లేకుండా. రెండో రోజు ముప్పావు, మూడో రోజు పూర్తిగా.